దీవిలో పెరటాసి శనివారం

సెప్టెంబరు 27, శనివారం. నగరి

డాక్టరమ్మ రోజుకో పేజీ రాయమంది. మూడో తరగతితో బడి మానేసినవాడికి పేజీ ఏమిటమ్మా అన్నాను. రాసేది ఏమైనా సరే, వేళ్ళు కదలాలి అంది. భానుప్రియ ఈ నోటుబుక్కు తెచ్చి, పెన్నుకు గుడ్డ చుట్టి ఇచ్చింది. నా మనవరాలు. తిరుపతిలో ఇంజనీరింగు చదువుతోంది. "ఎవురూ సదవరు తాతా, నీ ఇష్టమొచ్చింది రాసుకో" అంది. ఎవరూ చదవనిది రాయడం దండగ. అయినా రాస్తున్నాను.

పెరటాసి, అంటే గోవిందుడి నెలలో రెండో శనివారం ఇది. తలకు పోసుకొని, నామం పెట్టుకొని, బియ్యం అడగడానికి పోయాను. మా నాయన పోయేవాడు. ఆయన నాయన పోయేవాడు. ఎంత ఉన్నవాడైనా ఈ నెల శనివారాల్లో మూడిళ్ళ ముందైనా నిలబడి, గోవిందా అని చెంబు పట్టాలి. ఆ బియ్యం వండి దేవుడి ముందు ఆకులో నైవేద్యం పెట్టాలి, తళిగ వేయాలి. ఆ తర్వాతే ఇంట్లో ముద్ద. యాభై ఏళ్ళు మగ్గం మీద బతికాను. ఒకడి ముందు చెయ్యి చాచలేదు. గోవిందుడి పేరు మీద మాత్రం చాస్తాను. అది అడుక్కోవడం కాదు.

ఈసారి చెంబును తుండుగుడ్డతో మెడకు కట్టుకొని పోయాను. చూసినవాళ్ళు ఏదో కొత్త మొక్కు అనుకున్నారు. అనుకోనీ.

ప్రతి ఏడాదీ బావ నా పక్కనే నడిచేవాడు. మునికృష్ణ బావ, నా పెళ్ళాం చంద్రకాంతమ్మకు అన్న. ఈసారి అవతలి వీధికి పోయాడు. అతని గొంతు వినబడింది. నా గొంతు కూడా అతనికి వినబడే ఉంటుంది.

చెయ్యి బాగుంది.

అక్టోబరు 1

ఈరోజూ సంగటే. మూడు నెలలుగా మధ్యాహ్నం సంగటి, రాత్రి ఇడ్లీ, మళ్ళీ సంగటి. "బియ్యం అయిపోయినాయా ఏమే?" అని చంద్రకాంతమ్మను అడిగాను.

"రాగులు ఒంటికి మంచిదంటయ్యా. టీవీలో చెప్పినారు."

నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో నా మాట విన్నది లేదు. టీవీ మాట వింటోంది. తట్ట తీసుకొని మగ్గాల షెడ్డులోకి పోయి తిన్నాను. ఆషాఢంలో చేతికి జబ్బు చేసినప్పటి నుంచి అక్కడే తింటున్నాను. మగ్గాల చప్పుడు వింటూ తింటే అరుగుతుంది.

చెయ్యి బాగుంది.

అక్టోబరు 3

హరినాథ్ ఫోను చేశాడు. నా కొడుకు. శ్రీహరికోటలో రాకెట్ల దగ్గర మిషను పని. ఆఫీసువాళ్ళు సెలవిచ్చి ఊళ్ళు తిరిగి రమ్మంటారట.

"నాయనా, మంగళవారం అండమాను పోతాండాం. నువ్వూ అమ్మా వస్తాండారు."

"పెరటాసిలో యాడికిరా?"

"శుక్రవారానికి తిరిగొస్తాం. నాలుగో శనివారం నువ్వు నగరిలోనే గోవిందా అంటాంటావు. ప్రశాంతి టిక్కెట్లు కూడా తీసేసింది. నీకు జబ్బు చేసినాక యాడికీ పిల్సకపోలేదని దానికి బాధ."

కోడలు టిక్కెట్టు తీశాక మామ వద్దంటే బాగుండదు. సరే అన్నాను.

చంద్రకాంతమ్మ పెట్టె సర్దుతూ "పొయ్యేముందు మా అన్నకు ఒక్క మాట చెప్పిపోదామా?" అంది. నేను షెడ్డు వైపు తిరిగాను. పెట్టె మూత గట్టిగా వేసింది.

ఏం జరిగిందో రాస్తాను. పెరటాసికి ముందు ఆవణి నెలలో బావ తన మనవడికి చెవులు కుట్టించి విందు పెట్టాడు. పంక్తిలో మొదటి ఆకు నాది. కూరలో ఉప్పు లేదు. ఉప్పు లేదని చెప్పి లేచాను. నలభై మంది చేతులు ఆకుల మీదే ఆగిపోయాయి. పంక్తి మధ్యలో లేవకూడదని నాకు తెలుసు. అందరూ తిన్నాక అందరూ ఒకటిగా లేవాలి. కానీ ఉప్పు లేకపోతే ఏం చేస్తారు? బావ ఆకులు దాటుకుంటూ వచ్చి "నా ఇంట్లో, నా పంక్తిలో లేస్తివా?" అన్నాడు. అంతే. అప్పటి నుంచి మాటల్లేవు.

ఉప్పు లేదు. అంతే.

అక్టోబరు 7, మంగళవారం

విమానం ఎక్కాను. మగ్గం కంటే చప్పుడు తక్కువ. ఉప్మా డబ్బా ఇచ్చారు. ఆకలి లేదన్నాను.

అక్టోబరు 8, బుధవారం. దీవి

పొద్దున పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలో ఇంకో దీవికి తెచ్చారు. హావ్‌లాక్ అంటారు. కొత్త పేరు పెట్టారట, పడవవాళ్ళు మాత్రం పాత పేరే పిలుస్తున్నారు. సముద్రం అద్దంలా ఉంది. మా చెన్నపట్నం సముద్రం దీని ముందు బురదగుంట.

ఇక్కడ ఐదుంబావుకే పొద్దు గూకుతుంది. నగరిలో ఆ వేళకు టీ తాగుతాం. ఐదున్నరకు కటిక చీకటి. ఇక చేసే పనేమీ లేదు. అందుకే అందరూ ముస్తాబై తినడానికి బయలుదేరతారు. ఐదున్నర నుంచి తొమ్మిది దాకా తింటూనే ఉంటారు.

మా హోటలువాడు ఇసక ఒడ్డున చెక్కల అరుగు కట్టి బల్లలు వేశాడు. కొబ్బరి చెట్లకు చిన్న చిన్న బల్బులు చుట్టాడు. బల్ల మీద మాత్రం కొవ్వొత్తి. అంత కరెంటు పెట్టుకొని చీకట్లో తినడం ఏం గొప్పో నాకు తెలియలేదు. మా వీధిలో కరెంటు పోతే మేమూ ఇట్లాగే తింటాం, దానికి విమానం ఎక్కం.

ఐసు మీద చేపలు, పీతలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. వేలు చూపిస్తే ఆ చేపను కాల్చి తెస్తారు. పెళ్ళిచూపుల మాదిరి. మాకు పెరటాసిలో నీసు లేదు కాబట్టి వేలు చూపించే పని లేదు. ప్రశాంతికి ఒక గ్లాసు తెచ్చారు, దాని మీద కాగితం గొడుగు.

"వాన పడుతుందనా అమ్మా?" అన్నాను.

"ఎండకు మామా, నిమ్మకాయ నల్లబడిపోతాదని" అని కోడలు నవ్వింది. ఆమె నా ముందు నవ్వడం ఎక్కువగా చూడలేదు.

గిటారు పట్టుకొని ఒకడు పాడుతున్నాడు. సీసాలు స్టీలు బకెట్లలో ఐసు పోసి పెడుతున్నారు. పక్క బల్లల దగ్గర ఆడా మగా, ఉత్తరాదివాళ్ళు, తెల్లవాళ్ళు ఉన్నారు. అందరూ స్పూన్లే. ఒక పెద్దాయన, నా వయసే, ఎడమ చేత్తో ముల్లు స్పూను పట్టుకొని చక్కగా తింటున్నాడు. ఆయన పెళ్ళాం ఏమీ అనలేదు. సర్వరు ఏమీ అనలేదు. చాలాసేపు చూశాను.

భానుప్రియ నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఎడమ చేత్తో తినేది. దాని ఎడమ చేతిని పడుగు నూలుతో బల్లకు కట్టేవాణ్ణి. నెలకు కుదిరింది. ఇప్పుడు కుడి చేత్తోనే తింటుంది. పద్ధతి పద్ధతే.

చీకట్లో తింటే ఎవరికీ చెయ్యి కనపడదు అని ఒక నిమిషం అనుకున్నాను. ఎందుకు అనుకున్నానో తెలియదు. చెయ్యి బాగానే ఉంది.

ఆకలి లేదని చెప్పి లేచి నడిచాను. వంటిల్లు వెనక ఒకడు ఉల్లిపాయలు తరుగుతూ "అయ్యా, మీది సిత్తూరు జిల్లానా? మాట వింటే తెలస్తా ఉండాది" అన్నాడు. పేరు రాజారత్నం, సత్యవేడు పక్కన పల్లె. పన్నెండేళ్ళుగా ఇక్కడే వంట. మెడలో చిన్న శిలువ ఉంది.

"ఏమయ్యా, నా వంట నచ్చలేదా? తట్ట అట్లే తిరిగొచ్చిందే."

"ఆకలి లేదు."

వాడు నన్ను చూశాడు, నా చేతిని చూశాడు. నాలుగు అరటిపండ్లు ఇచ్చాడు. అరటిపండు మంచి పండు.

అక్టోబరు 9, గురువారం

ఈ సాయంత్రం నిప్పు ఆట పెట్టారు. ఇద్దరు కుర్రవాళ్ళు గొలుసులకు నిప్పు అంటించి తిప్పారు. ఒక్కసారీ పట్టు తప్పలేదు. మంచి చేతులు.

హరినాథ్ నా తట్టలో అన్నం పెట్టించాడు. నేను చెయ్యి బల్ల కింద పెట్టుకున్నాను.

"నాయనా, రెండు పొద్దులైంది నువ్వు మాతో తిని. మా పక్కన కూర్సుని తినేదానికి నీకు నామోషీనా?"

"ఇది మనుషులు తినే తిండేనారా?" అన్నాను. గట్టిగానే అన్నాను. పాటగాడు కూడా ఇటు చూశాడు. ఆ కూరలు కోడలు ఏరి ఏరి చెప్పించింది, ఉల్లి లేకుండా, నా కోసం. ఆమె తల వంచుకుంది. నేను లేచి గదికి వచ్చేశాను.

కాసేపటికి రాజారత్నం వచ్చి గుమ్మంలో ఒక పొట్లం పెట్టి పోయాడు. నిమ్మకాయ అన్నం. మంచి వాసన. తలుపు గడియ వేసుకొని కింద కూర్చున్నాను. సగం నోట్లోకి పోయింది, సగం నేల మీద పడింది. చంద్రకాంతమ్మ వచ్చేలోపల ఆ మెతుకులన్నీ ఎడమ చేత్తో ఏరాను. అరగంట పట్టింది.

బావ ఇంట్లో కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది.

రాశాను కాబట్టి మొత్తం రాస్తాను. మొదటి ముద్ద వేళ్ళ సందులోంచి జారి పంచె మీద పడింది. రెండోదీ పడింది. బొటనవేలుకూ దాని పక్క రెండు వేళ్ళకూ ఏమి పట్టుకున్నాయో తెలియదు. తెగిన పోగును చీకట్లో కూడా అతికించిన వేళ్ళు ఇవి. ఎదుటి వరసలో బావ కొత్త సంబంధి, అతని వియ్యంకుడు, మా వైపే చూస్తున్నాడు. మూడో ముద్ద కూడా పడేలోపల ఏదో ఒకటి చెప్పి లేవాలి. ఉప్పు అని వచ్చింది నోటికి.

ఈ పేజీ చింపేస్తాను.

అక్టోబరు 10, శుక్రవారం

చింపలేదు. పొద్దున్నుంచి గాలి. పడవలు ఆపేశారు. విమానం పోయింది. రేపు నాలుగో శనివారం, మేము దీవిలోనే.

అక్టోబరు 11, శనివారం

రేపు రాస్తాను. నిద్ర వస్తోంది. ఎన్నాళ్ళకో.

అక్టోబరు 12, ఆదివారం. పడవలో

నిన్నటిది రాస్తున్నాను. సముద్రం నెమ్మదిగా ఉంది. పడవ ఊగినా అక్షరాలు పెద్దగా వంకర పోవడం లేదు. లేక వంకర పోయినా నేను పట్టించుకోవడం లేదేమో.

నిన్న పొద్దున్నుంచి రేవులో కూర్చున్నాం. ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుంది అని నాలుగు దాకా ఉంచి, పడవ లేదన్నారు. హోటలుకు తిరిగొచ్చేసరికి పొద్దు గూకుతోంది. చంద్రకాంతమ్మ పొద్దున్నుంచి నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

"బియ్యం అడగందే, తళిగ వెయ్యందే, నేను ముద్ద ముట్టను" అంది.

"ఈడ ఎవుర్ని అడగేదే? ఇండ్లు యాడుండాయి? అన్నీ హోటళ్ళే కదా" అన్నాను.

"మూడు పొయ్యిలుంటే సాలు. పొయ్యుంటే ఇల్లే."

ఆమె వినే రకం కాదు. పైగా ఆమెకు చక్కెర జబ్బు. ఖాళీ కడుపుతో ఎంతసేపని ఉంటుంది?

బావి దగ్గర తలకు పోసుకున్నాను. నామం డబ్బా చంద్రకాంతమ్మ సంచిలో ఎప్పుడూ ఉంటుంది. పంచె కట్టాను. చెంబు లేదు. భానుప్రియ పరిగెత్తిపోయి, సీసాలు పెట్టే స్టీలు బకెట్టు ఒకటి తెచ్చింది. "వద్దే, దాంట్లో ఏమేమి పెట్టినారో" అన్నాను. చంద్రకాంతమ్మ మూడుసార్లు తోమి, దానికి కూడా నామం పెట్టింది. పెట్టాక బకెట్టు కాదు, చెంబే. దానికి పైన అంచు తప్ప మెడ లేదు. తుండు కడితే జారిపోతోంది. రెండు చేతులతో పట్టుకున్నాను.

మొదట వంటిల్లు. వెనక వాకిట్లో నిలబడి "గోవిందా..." అన్నాను. అలల చప్పుడులో ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాను. ఈసారి వినబడింది. రాజారత్నం గరిటె చేత్తోనే బయటికి వచ్చి అట్లే నిలబడిపోయాడు.

"పెరటాసి శనివారమా అయ్యా! పన్నెండేండ్లైంది ఈ కేక విని. ఏసుప్రభువు ఇల్లయినా మా యమ్మ మీవాళ్ళకు శేరు బియ్యం పోసేది. వాకిట్లో నిలబడినోన్ని వట్టిగా పంపకూడదంటా."

రెండు చేతులా పోశాడు. బియ్యం బియ్యమే.

రెండోది రోడ్డు అవతల చేపల భోజనం పెట్టే బెంగాలీ ఆమె. భాష లేదు. నామం చూసింది, బకెట్టు చూసింది, "హరిబోల్" అని లోపలికి పోయి గిన్నెడు తెచ్చింది. ఇంతదూరంలో ఆమెకు చెప్పాల్సిన పని పడలేదు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మూడోది కావాలి. దగ్గరలో ఇంకో పొయ్యి లేదు. మా హోటలువాడి చెక్క అరుగే, చేపలు కాల్చే పెద్ద పొయ్యి అక్కడ ఉంది. బల్లలన్నీ నిండి ఉన్నాయి. కొవ్వొత్తులు, గిటారు పాట. ఎక్కాను. పాట మధ్యలో "గోవిందా, గోవింద!" అన్నాను.

మేనేజరు రూపేష్ వచ్చి, ఏదో అడిగి, నా మొహం గుర్తుపట్టి, సంతోషంగా చేతులు కలిపాడు. మొన్న నిప్పు ఆట, ఈరోజు ఇది అనుకున్నాడట. బల్లల వాళ్ళకు ఏదో చెప్పాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు! పాటగాడు నా కేకకు తగ్గట్టు గిటారు తీగలు మీటాడు. ఫోన్లు లేచాయి. నాకు మండింది.

"ఆట కాదప్పా ఇది!" అన్నాను. "భానూ, చెప్పు వీళ్ళకు."

అది అందరికీ వినబడేటట్టు హిందీలో చెప్పింది, ఇంగిలీషులో చెప్పింది. మా తాత గొప్పగా బతికినవాడు, ఈ ఒక్క నెల దేవుడి కోసం వంగి అడుగుతాడు, అడిగిన బియ్యం వండితేనే మా అవ్వ తింటుంది అని చెప్పిందట. చప్పట్లు ఆగాయి. ఫోన్లు కిందికి దిగాయి. ఒకాయన నోటు తీశాడు. "డబ్బు వద్దు, బియ్యం" అన్నాను. అదే ఆయన, నా వయసువాడు, ఎడమ చేత్తో తినే పెద్దాయన, లేచి పొయ్యి దగ్గరికి పోయి ఏదో చెప్పాడు. బేసిన్లో బియ్యం వచ్చింది. ఆయన ఒక దోసిలి పోశాడు. ఆయన భార్య ఒక దోసిలి. తర్వాత ఇంకో బల్ల, ఇంకో బల్ల. నేను ముగ్గురిని అడిగాను, పదిమంది లేచారు.

బకెట్టు బరువెక్కింది. అది జారుతోందని నా ఎడమ చేతికి తెలిసింది. కుడి చేతికి తెలియలేదు.

పడింది.

ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. బియ్యం చెక్కల మీద అంతా పరుచుకుంది. పాట ఆగింది. కొవ్వొత్తి వెలుతురులో కూడా అందరికీ కనపడింది. నా చెయ్యి ఇంకా అంచు పట్టుకున్నట్టే వంగి ఉంది, దాంట్లో ఏమీ లేదు.

హరినాథ్ వచ్చి ఆ చేతిని పట్టుకున్నాడు. వేళ్ళు ఒకటొకటిగా నొక్కి చూశాడు. మిషను పనివాడు కదా.

"నాయనా, ఇది తెలస్తాందా? ఇది?"

"లేదు."

"బాగైందంటివే!"

చంద్రకాంతమ్మ ముందుకొచ్చింది.

"యాడ బాగైంది? ఆషాఢం నుంచి అంతే. నాకు తెలీదా? ఊరికే చేస్తాండానా మూణ్ణెల్లుగా సంగటి? ముద్దయితే చేతిలో నిలుస్తాదని చేస్తాండా. రాగులు నాకేమైనా సుట్టమా?"

ఇంతమందిలో ఆమె అట్లా అరవడం నేను చూడలేదు. నాకు కోపం రావాలి. రాలేదు. మూడు నెలల మూట ఎవరో నెత్తి మీద నుంచి దించినట్టయింది. నవ్వొచ్చింది. "టీవీలో చెప్పినారంటివే" అన్నాను.

"నువ్వు బాగైందంటే నేను టీవీ అన్నా. సరిపోయింది."

అప్పటికే ప్రశాంతి మోకాళ్ళ మీద కూర్చొని కొంగులోకి బియ్యం ఏరుతోంది. ఆ పెద్దాయన భార్య కూర్చుంది. పాటగాడు గిటారు పక్కన పెట్టి కూర్చున్నాడు. మేనేజరు రూపేష్ చెట్టుకు చుట్టిన బల్బుల తీగ కిందికి లాగి వెలుతురు చూపించాడు. కింద పడినవి దేవుడికి పనికొస్తాయా అని అడిగాను. "కడగరా ఏంది? మడిలో కింద పడకుండా పండినాయా?" అంది చంద్రకాంతమ్మ.

వంటింట్లో చేపలు కాబట్టి రాజారత్నం గ్యాసుపొయ్యి ఇసకలోకి తెచ్చాడు. కొత్త గిన్నె తెచ్చాడు. బెల్లం పొంగలి, పెరుగన్నం. అరటాకు కోసుకొచ్చి బల్ల మీద వేసి, తళిగ పెట్టి, కొవ్వొత్తి పక్కకు జరిపి కర్పూరం వెలిగించాం. నేను గోవిందా అన్నాను. బల్లలన్నీ గోవింద అన్నాయి. పలకడం సరిగ్గా రాలేదు వాళ్ళకు. సముద్రం చప్పుడులో తేడా తెలియలేదు.

ఆ తర్వాత తినాలి. అందరూ కూర్చున్నారు. నేను కూడా కూర్చున్నాను. చంద్రకాంతమ్మ పొంగలి ముద్ద చేసి నా కుడి అరచేతిలో పెట్టింది. ప్రసాదం ఆ చేత్తోనే నోట్లో వేసుకున్నాను. కొంచెం పంచె మీద పడింది. పడనీ. పెరుగన్నం ముద్ద నిలవలేదు. భానుప్రియ రెండు స్పూన్లు తెచ్చింది. ఒకటి నా ఎడమ చేతిలో పెట్టింది. ఇంకోటి తన ఎడమ చేత్తో పట్టుకుంది.

"నేను హాస్టల్లో ఇట్లే తింటా తాతా. నగరిలోనే కుడి చెయ్యి."

"ఎప్పట్నించి?"

"నువ్వు కట్టు ఇప్పినప్పట్నించి."

పదిహేనేళ్ళు నాకు తెలియకుండా దాచింది. నా మనవరాలే. ఇద్దరం తిన్నాం. కోడలు మళ్ళీ చెప్పించిన ఉల్లి లేని కూరలు రెండుసార్లు పెట్టించుకున్నాను. "కూరలు మనుషులు తినేవేనమ్మా" అని ప్రశాంతితో అన్నాను. ఆమె ముక్కు ఎగబీల్చి "ఇంకొంచెం పెట్టేదా మామా?" అంది. పెట్టమన్నాను.

పక్క బల్ల దగ్గర పెద్దాయన తన స్పూను ఎత్తి చూపించాడు. నేనూ ఎత్తాను.

చెయ్యి బాగాలేదు. హరినాథ్ మంగళవారం తిరుపతికి తీసుకుపోయి డాక్టరమ్మకు చూపిస్తానంటున్నాడు. సరే అన్నాను.

అదేరోజు, పోర్ట్ బ్లెయిర్

దిగగానే ఫోనుకు సిగ్నలు వచ్చింది. హరినాథ్‌ను నంబరు నొక్కమన్నాను. బావ ఎత్తాడు. 

"బావా, ఆపొద్దు కూరలో ఉప్పు సరిగ్గానే ఉండె" అన్నాను.

అతను ఏదో అనబోయేలోపలే మిగతాదీ చెప్పేశాను. "నా చెయ్యి పని చెయ్యలేదు. ముద్ద నిలవలేదు. మీ సంబంధి సూస్తా ఉంటే సిగ్గేసింది. అందుకని లేస్తి."

"ఈ మాట ఆపొద్దే నా చెవిలో అనుంటే నీ నోరు అరిగిపోతా ఉండెనా?" అన్నాడు. తర్వాత గొంతు మారింది. "నా పెండ్లాం రెండు నెల్లుగా ప్రతి కూరా నాకు రుచి సూపించి ఉప్పు సరిపోయిందా అని అడగతాంది. నీ వల్ల నాకు బీపీ వచ్చింది."

"అక్కకు చెప్పు. తప్పు నాది."

"నువ్వే వచ్చి చెప్పు. యాడుండావు ఇప్పుడు?"

"సముద్రం అవతల."

"పెరటాసి పోనీ, పై ఆదివారం రా. ఆ పంక్తి ఇంకా లేయలేదనుకో. నీ ఆకు అట్లే ఉండాది."

చంద్రకాంతమ్మ ఫోను లాక్కుంది. అన్నతో ఏం మాట్లాడిందో రాయను. అది ఆమెది.

అక్టోబరు 19, ఆదివారం. నగరి

బావ ఇంట్లో మొదటి ఆకు. స్పూను. అన్నం, పప్పు, కూర, పాయసం. ఎదుటి వరసలో సంబంధి కూడా ఉన్నాడు, చూశాడు. చూడనీ. బావ మూడుసార్లు ఉప్పు సరిపోయిందా అని అడిగాడు, మూడుసార్లూ పంక్తి అంతా నవ్వింది.

అందరూ తినేదాకా కూర్చున్నాను. అందరికంటే ఆఖరున లేచాను.